పావురాలు గింజలు ఏరుకుని తింటున్నాయా? దాణా లెక్క, ఆ అలవాటు మాన్పించే పద్ధతి

బనగానపల్లె: మా వీధిలో ఏ మిద్దె ఎక్కి చూసినా చుట్టుపక్కల ఎక్కడో ఒక చోట పావురాల గూళ్లు కనిపిస్తాయి. కొందరికి అది తాతల నాటి షౌక్, కొందరికి పిల్లల ముచ్చట. సాకే వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న మాత్రం ఒకటే. "తొట్టి నిండా దాణా పోస్తున్నాం. అయినా పక్షులు బక్కచిక్కుతున్నాయి, పిల్లలు నిలవడం లేదు. ఎందుకు?"

జవాబు చాలాసార్లు తొట్టి అడుగున దొరుకుతుంది. పావురాలు నచ్చిన గింజ ఏరుకుని తిని, నచ్చనిది వదిలేస్తాయి. మనం ఆ మిగిలిన దాని మీదే ఇంకో చేరెడు పోస్తాం. అవి మళ్లీ ఏరుకుంటాయి. ఈ అలవాటు చాలావరకు మన చేతులతో మనమే నేర్పింది. కాబట్టి మనమే మాన్పించొచ్చు కూడా.

మా మిద్దె మీద జరిగింది

రెండేళ్ల కిందట మా ఇంట్లో పన్నెండు పక్షులు ఉండేవి. ఒక జోడీకి రెండు పిల్లలు పుట్టాయి. మొదటి వారం బాగానే పెరిగాయి, తర్వాత ఎదుగుదల ఆగిపోయింది. ఈకలు సరిగా రాలేదు. మూడో వారంలో ఒకటి పోయింది, నాలుగు రోజులకు రెండోది పోయింది. అమ్మీ 'నజర్ తగిలింది' అంది. నేను పిల్లి వచ్చి బెదిరించి ఉంటుంది అనుకున్నా.

మా వీధిలోనే చాలా ఏళ్లుగా పావురాలు సాకుతున్న ఒక చాచా ఉన్నారు. ఆయన్ని పిలిస్తే గూటి వైపు కూడా చూడలేదు. తొట్టి ఎత్తి బోర్లించారు. అడుగున అంతా పెసలు, అలసందలే. "నువ్వు ఏం పోశావో నాకొద్దు బేటా. అవి ఏం తిన్నాయో చెప్పు" అన్నారు. నేను చెప్పలేకపోయా. బీకాం చదివా, అంగడి లెక్కలు రాశా. తొట్టి లెక్క మాత్రం ఒక్క రోజు కూడా రాయలేదు.

ఆ పిల్లలు పోవడానికి ఒక్క దాణాయే కారణం అని నేను తీర్పు చెప్పను. కానీ ఆ రోజు నుంచి లెక్క రాయడం మొదలుపెట్టా. ఈ వ్యాసంలో ఉన్నది ఆ లెక్కే.

పోసిన దాణా వేరు, తిన్న దాణా వేరు

పావురం గింజలు తినే పక్షి. మామూలు రోజుల్లో దాని దాణాలో మాంసకృత్తులు 12 నుంచి 14 శాతం ఉండాలి. గుడ్లు పెట్టేటప్పుడు, పిల్లల్ని సాకేటప్పుడు 15 నుంచి 18 శాతం కావాలి.

మన దగ్గర దొరికే గింజల్లో మాంసకృత్తులు సుమారుగా ఇలా ఉంటాయి.

బియ్యం: 7-8 శాతం
మొక్కజొన్న: 9 శాతం
జొన్న: 10 శాతం
సజ్జ: 11 శాతం
గోధుమ, కొర్ర: 12 శాతం దగ్గర
కుసుమ: 14-15 శాతం, నూనె కూడా ఎక్కువ
శనగ: 18-20 శాతం
ఉలవ, అలసంద, బఠానీ: 20-23 శాతం
పెసర: 24 శాతం దగ్గర

ఇప్పుడు ఒక కిలో కలగలుపు దాణా తీసుకుందాం. జొన్నలు 350 గ్రాములు, సజ్జలు 200, పెసలు 150, అలసందలు 100, నలగగొట్టిన మొక్కజొన్న 100, గోధుమలు 50, కుసుమలు 50. లెక్కేస్తే మాంసకృత్తులు దాదాపు 14 శాతం వస్తాయి. మామూలు రోజులకు ఇది మంచి దాణా.

కానీ పక్షులు పెసలు, అలసందలు వదిలేసి మిగతావి మాత్రమే తింటే? వాటి కడుపులోకి పోయింది పదిన్నర శాతమే. మన చేతి నుంచి పడింది 14, వాటికి అందింది పదిన్నర. పైకి చూస్తే పక్షి బాగా తింటున్నట్టే ఉంటుంది, మేత సంచి కూడా నిండుగానే ఉంటుంది. తేడా బయటపడేది పిల్లల దగ్గర, ఈకలు మార్చే కాలంలో, ఎండాకాలంలో.

రోజుకు ఎంత పెట్టాలి

మామూలు పావురం 300 నుంచి 400 గ్రాముల బరువు ఉంటుంది. బరువులో పదో వంతు దాణా సరిపోతుంది. అంటే రోజుకు 30 నుంచి 40 గ్రాములు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. మనం చేతి గుప్పిట లెక్కన పోస్తాం. అయితే ఒక్కొక్కరి గుప్పిట ఒక్కో కొలత. ఇంట్లో వంటకి వాడే చిన్న తూకం మిషన్ మీద ఒకసారి కొలిచి, ఏ గ్లాసుకు ఎంత వస్తుందో గుర్తు పెట్టుకుంటే చాలు.

పన్నెండు పక్షులకు, ఒక్కోదానికి 35 గ్రాముల లెక్కన, రోజుకు 420 గ్రాములు. నెలకు పన్నెండున్నర కిలోలు. నేను కొలవకుండా పోసిన రోజుల్లో రోజుకు 600 గ్రాములు పోయేది, అంటే నెలకు 18 కిలోలు. దాణా కిలో 50 రూపాయలు అనుకుంటే నెలకు 270 రూపాయలు నేలపాలు. మీ అంగడి ధర వేసి మీరే చూసుకోండి. కింద పడిన గింజలు ఎలుకల్ని కూడా పిలుస్తాయి, ఆ ఖర్చు వేరే.

పిల్లలు ఉన్న జోడీకి ఈ కొలత పనికిరాదు. పిల్లలకు రెండు వారాలు దాటాక ఆ జోడీ మామూలుకంటే రెట్టింపు దాకా తింటుంది. వాటికి రోజుకు మూడు సార్లు పెట్టాలి. దాణాలో పప్పు గింజల పాలు కూడా పెంచాలి. పై లెక్కలో జొన్నలు 300కి, సజ్జలు 150కి తగ్గించి, పెసలు 200కి, అలసందలు 150కి పెంచితే 15 శాతం వస్తుంది.

పావురం పాలు, పిల్లల కడుపు

పావురం రెండు గుడ్లు పెడుతుంది. 17-18 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. మొదటి నాలుగైదు రోజులు పిల్లలు ఒక్క గింజ కూడా తినవు. తల్లీ తండ్రీ ఇద్దరి మేత సంచుల్లోనూ పెరుగు తరకల్లాంటి పదార్థం తయారవుతుంది. దాన్నే పావురం పాలు అంటారు. మాంసకృత్తులు, కొవ్వు నిండుగా ఉంటాయి. ఆ పాలతో పిల్ల బరువు మొదట్లో రెండు రోజులకే దాదాపు రెట్టింపు అవుతుంది.

తర్వాత ఆ పాలలో నానిన గింజలు కలవడం మొదలవుతుంది. రోజురోజుకు పాలు తగ్గి గింజలు పెరుగుతాయి. ఇక్కడే అసలు సంగతి ఉంది. పిల్ల తన గింజ తాను ఎంచుకోదు. తల్లిదండ్రులు ఏరుకున్నదే దాని నోట్లో పడుతుంది. పెద్దవి సజ్జలు మాత్రమే తింటే పిల్లకు దక్కేదీ సజ్జలే. మొదటి వారం బాగా పెరిగిన పిల్ల రెండో వారంలో ఆగిపోయిందంటే ముందు తొట్టి అడుగు చూడండి.

పిల్లలు గూడు వదిలే వయసు సుమారు నాలుగు వారాలు. గింజ పొడవడం అవి పెద్ద పక్షుల్ని చూసి నేర్చుకుంటాయి. ఆ వయసులో కనపడిన గింజే వాటికి తిండి, కనపడనిది రాయితో సమానం. కాబట్టి ఆ పది రోజులు వాటి ముందు అన్ని రకాల గింజలూ ఉండాలి. నీళ్ల గిన్నె ఎక్కడుందో తెలిసేలా ముక్కు కొన మెల్లగా ఒకసారి ముంచి చూపించండి. ముక్కు రంధ్రాల్లోకి నీళ్లు పోకూడదు.

రాయి, సున్నం, నీళ్లు

పావురానికి పళ్లు లేవు, గింజ పొట్టు కూడా తీయదు, అలాగే మింగుతుంది. దాన్ని నలిపేది కందనకాయ. నలపడానికి లోపల చిన్న గట్టి రాళ్లు కావాలి. గూళ్లలోనే మూసి పెట్టే పక్షులకు కడిగి ఆరబెట్టిన ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు ఒక గిన్నెలో పెట్టాలి. గుడ్డు పెంకు గట్టిపడటానికి సున్నం కావాలి. దానికి కోళ్ల దాణా అంగళ్లలో దొరికే ఆల్చిప్పల పొడి మంచిది. ఇంట్లో కోడిగుడ్డు పెంకులు ఉడకబెట్టి, ఎండబెట్టి, నలిపి పెట్టినా సరిపోతుంది. ఇవి లేని పక్షి గోడల సున్నం పొడుస్తుంది.

నీళ్లు మామూలు రోజుల్లో ఒక్కో పక్షికి 30 నుంచి 60 మిల్లీలీటర్లు. మే నెలలో మన నంద్యాల జిల్లా ఎండలకు, పిల్లలున్న జోడీలకు ఇంకా ఎక్కువ కావాలి. దాహంతో ఉన్న పక్షి దాణా కూడా మానేస్తుంది. మిద్దె మీద ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి. మట్టి పాత్ర నీడలో పెట్టండి, రోజుకు రెండు సార్లు మార్చండి. రెట్ట పడకుండా చూడండి. జబ్బులు ఎక్కువగా పాకేది ఆ గిన్నె నుంచే.

ముందు జబ్బు కాదని తేల్చుకోండి

గుంపు మొత్తం ఒకే రకం గింజ వదిలేస్తే అది అలవాటు. ఒక్క పక్షి మాత్రం అన్నీ వదిలేస్తే జబ్బు అనుకోవాలి. చేతిలోకి తీసుకుని ఇవి చూడండి.

రొమ్ము ఎముక: వేలితో తడిమితే కత్తి అంచులా తగిలితే పక్షి చాలా రోజులుగా చిక్కిపోతోంది.

నోరు: లోపల పసుపు, తెలుపు రంగు గడ్డలు పనీర్ ముక్కల్లా కనిపిస్తే అది గొంతు పుండ్ల జబ్బు. నీళ్ల గిన్నె ద్వారా, పిల్లలకు మేత పెట్టేటప్పుడు పాకుతుంది. పక్షికి తినాలని ఉన్నా మింగలేదు.

మేత సంచి: రాత్రి నిండి, పొద్దునకు ఖాళీ అవ్వాలి. పొద్దున కూడా నిండుగా, మెత్తగా, పుల్లటి వాసనతో ఉంటే జీర్ణం ఆగిపోయింది.

రెట్ట: గట్టిగా, పైన తెల్లటి మచ్చతో ఉంటే మంచిది. ఆకుపచ్చగా నీళ్లలా పోతుంటే పస్తులైనా ఉండాలి, రోగమైనా ఉండాలి.

మెడ, గురి: గింజను పొడవబోయి పక్కన పొడుస్తోందా? మెడ వంకర తిరుగుతోందా? ఇది చూసేవాళ్లకి నఖరాలాగా కనిపిస్తుంది. అసలు అది నరాలను పట్టే వైరస్ జబ్బు కావచ్చు. గుంపు మొత్తానికి పాకుతుంది.

ముక్కు, కళ్ల చుట్టూ పొక్కులు: పావురాల మశూచి కావచ్చు. దోమల వల్ల పాకుతుంది.

వీటిలో ఏది కనిపించినా ఆ పక్షిని వేరే గూట్లో పెట్టి, దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకుపోండి. ఇంట్లో మిగిలిన మనుషుల మాత్రలు అరిగదీసి పోయకండి.

ఏరుకునే అలవాటు మాన్పించే పద్ధతి

జబ్బు కాదని తేలాకే ఇది మొదలుపెట్టాలి. రెండు మూడు వారాలు పడుతుంది.

1. మొదటి వారం ఏమీ మార్చొద్దు. పోసింది తూచండి, సాయంత్రం మిగిలింది తూచండి. ఏ గింజ మిగిలిందో రాయండి. ఒక్కో గూటి ఇష్టం ఒక్కోలా ఉంటుంది. మావి పెసలు వదిలేవి. ఇంకొకరివి గోధుమలు వదులుతాయి.

2. తొట్టిలో ఎప్పుడూ దాణా ఉంచే పద్ధతి ఆపండి. రెండు పూటలా ఒకే వేళకు పెట్టి, పదిహేను ఇరవై నిమిషాల తర్వాత తొట్టి తీసేయండి. ఆకలితో వచ్చిన పక్షి గింజలో వంకలు వెతకదు.

3. వదిలేసే గింజను ముందు పెట్టండి, ఇష్టమైనది చివర. పొద్దున మొదట పెసలు, అలసందలు, జొన్నలు. అవి దాదాపు అయ్యాకే సజ్జలు, ఆఖరున చిటికెడు కుసుమలు. కుసుమలు, పొద్దుతిరుగుడు గింజలు పావురాలకు మిఠాయి లాంటివి. మిఠాయి ముందే తిన్న పిల్లాడు అన్నం తింటాడా?

4. మిగిలిన దాని మీద కొత్త దాణా పోయొద్దు. మిగిలింది శుభ్రంగా, పొడిగా ఉంటే తర్వాతి పూట మొదటగా అదే పెట్టండి. తడిసింది, రెట్ట పడింది పారేయండి.

5. అసలు ఎరుగని గింజను పదో వంతుతో మొదలుపెట్టండి. మూడు నాలుగు రోజులకొకసారి కొంచెం పెంచండి. ఆ గింజ తినే పక్షి ఎవరి దగ్గరైనా ఉంటే, జబ్బు లేనిదని చూసుకుని కొన్ని రోజులు తెచ్చుకోండి. ఒకటి తింటే మిగతావి చూసి దిగుతాయి.

6. గింజ సైజు, గట్టితనం చూడండి. పావురం రుచి కంటే ముందు గింజ ఆకారం, రంగు చూస్తుంది. శనగలు పెద్దగా అనిపిస్తే శనగపప్పు నలగగొట్టి పెట్టండి. పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టి పెడితే సులభంగా తింటాయి. నానినవి ఒక్క పూటకే. ఎండాకాలంలో రెండు మూడు గంటలకే పులిసిపోతాయి.

ఒక హద్దు ఉంది. ఇది ఆకలిని వాడుకునే పద్ధతి, పస్తు పెట్టే పద్ధతి కాదు. ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు. రోజు మొత్తం ముట్టకపోతే వెంటనే పాత దాణా ఇచ్చేయండి. పిల్లలున్న జోడీలు, గుడ్ల మీద కూర్చున్నవి, ఈకలు మారుస్తున్నవి, జబ్బు నుంచి లేచినవి, మే నెల ఎండలు: వీటిలో ఏది ఉన్నా ఈ పని వాయిదా వేయండి.

తినేది ఒకటి, చూసేది ఇంకొకటి

కొన్నిసార్లు పక్షికి గింజతో తగువు ఉండదు, పక్క పక్షితో ఉంటుంది. గుంపులో ఒకటి రెండు మగవి తొట్టి ఆక్రమించి, చిన్నవాటిని రెక్కలతో కొట్టి తరిమేస్తాయి. ఆఖరున వచ్చిన పక్షికి అందరూ వదిలేసిన గింజలే మిగులుతాయి. పొడవాటి తొట్టి వాడండి, అన్నీ ఒకేసారి వరుసగా నిలబడేలా. లేదా రెండు తొట్లు దూరదూరంగా పెట్టండి. సాయంత్రం చీకటి పడే ముందు ఒక్కోదాని మేత సంచి తడిమితే ఎవరికి అందలేదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇవి పెట్టొద్దు

దస్తర్‌ఖాన్ మీద మిగిలిన బిర్యానీ, పప్పు అన్నం: ఉప్పు, మసాలా, నూనె పక్షికి పడవు. బ్రెడ్, బిస్కట్లు కడుపు నింపుతాయి తప్ప బలం ఇవ్వవు.

విత్తనాల మూటలో మిగిలిన గింజలు: మన చుట్టూ అన్నీ పొలాలే. బనగానపల్లె నుంచి ఆళ్లగడ్డ దాకా ప్రతి ఇంట్లో విత్తనాలు ఉంటాయి. గులాబీ, ఎరుపు, నీలం రంగు పట్టిన గింజలకు పురుగుమందు పూసి ఉంటుంది. కడిగినా పెట్టొద్దు. పురుగు పట్టకుండా విష మాత్రలు వేసి నిల్వ చేసిన ధాన్యం కూడా వద్దు. కొనేటప్పుడే అంగడి వాళ్లని అడగండి.

బూజు వాసన కొట్టే వేరుశనగ, మొక్కజొన్న: వీటిలో బూజు వల్ల కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారవుతుంది. కంటికి బూజు కనిపించకపోయినా అది ఉండొచ్చు. అనుమానం ఉంటే పారేయండి.

పచ్చి రాజ్మా, పచ్చి సోయా గింజలు: ఉడకని వాటిలో పక్షికి హాని చేసే పదార్థాలు ఉంటాయి.

చాక్లెట్, అవకాడో: పక్షులకు విషం. చిన్న పిల్లలు ముద్దుగా పెడుతుంటారు, ముందే చెప్పి ఉంచండి.

ఇంట్లో వాళ్ల జాగ్రత్త

ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఆయాసం, మానని దగ్గు పట్టుకుంటాయి. ఊడ్చే ముందు నీళ్లు చల్లండి, మాస్కు కట్టుకోండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు గూళ్లు శుభ్రం చేసే పని పెట్టుకోవద్దు.

మూసిన గూటికి మనమే జవాబుదారీ

పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా, తన తిండి తాను వెతుక్కోనీయకుండా చంపిన స్త్రీ గురించి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉన్న సంగతి మనలో చాలామంది చిన్నప్పుడే మదరసాలో విన్నాం. ఎగిరే పక్షిని గూట్లో మూసినప్పుడు దాని తిండి బాధ్యత మన మెడకు పడుతుంది. తొట్టి నింపడంతో ఆ బాధ్యత తీరదు. లోపలికి ఏం పోయిందో చూసినప్పుడే తీరుతుంది.

మా తొట్టి పక్కన ఇప్పుడు దారంతో కట్టిన ఒక నోటుబుక్కు వేలాడుతుంది. పోసింది ఒక వరుస, మిగిలింది ఒక వరుస. మొదటి వారం మిగిలిన వరుసలో రోజూ పెసలు అని ఉంది. నాలుగో వారానికి ఆ వరుసలో గీతలే ఉన్నాయి. ఆ తర్వాత అదే జోడీ మళ్లీ గుడ్లు పెట్టింది. ఈసారి రెండు పిల్లలూ గూడు దిగాయి. చాచా వచ్చి పిల్లల్ని చూడలేదు. నోటుబుక్కు తిప్పి చూసి, "ఇప్పుడు సాకుతున్నావ్" అన్నారు.